వంటింటి వస్తువు పెట్టగానే సాకెట్ ట్రిప్ అవుతోందా? లోపాన్ని పట్టుకోవడం ఇలా

కెటిల్ ప్లగ్ పెట్టి స్విచ్ వేస్తారు. టప్‌మని శబ్దం, కరెంటు పోతుంది. రీసెట్ బటన్ నొక్కితే మళ్లీ టప్. అప్పుడు చాలామంది అదే కెటిల్‌ని తీసుకెళ్లి ఇంకో గదిలో మామూలు సాకెట్‌కి పెట్టి చూస్తారు. అక్కడ చక్కగా పనిచేస్తుంది. దాంతో కెటిల్ బాగానే ఉందని, వంటింటి సాకెట్టే పాడైందని తేల్చేస్తారు. ఈ తీర్పు చాలాసార్లు తప్పు, పైగా ప్రమాదం. మామూలు సాకెట్‌కి లీకేజీని, అంటే కరెంటు దారి తప్పి నేలలోకి పోవడాన్ని, పసిగట్టే ఏర్పాటు లేదు కాబట్టి అది ఊరుకుంది. లీకేజీ అక్కడా జరుగుతూనే ఉంది.

లోపం ఎక్కడుందో కనిపెట్టడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. మామూలు మల్టీమీటర్, కాస్త ఓపిక, ట్రిప్ సరిగ్గా ఏ క్షణంలో అవుతోందో గమనించే అలవాటు ఉంటే సగం పని అయినట్టే.

అసలు ఆ పసిగట్టే ఏర్పాటు దేన్ని కనిపెడుతుంది?

ఫేజ్ వైరులో ఎంత కరెంటు వెళ్తే న్యూట్రల్‌లో అంతా తిరిగి రావాలి. ఈ రెండు వైర్లూ లోపల ఒక రింగు గుండా పోతాయి. వెళ్లినదీ వచ్చినదీ సమానమైతే ఆ రింగులో ఏమీ జరగదు. తేడా వచ్చిందంటే కొంత కరెంటు వేరే దారిన నేలలోకి పోతోందన్నమాట. ఆ దారి ఎర్త్ వైరు కావచ్చు, తడిసిన గట్టు కావచ్చు, మీ చెయ్యి కావచ్చు. ఏదైనా దానికి ఒకటే, వెంటనే కరెంటు కట్ చేస్తుంది.

ఈ రక్షణ రెండు రూపాల్లో కనిపిస్తుంది. టెస్ట్, రీసెట్ అని రెండు చిన్న బటన్లతో సాకెట్‌లోనే ఉండేది జీఎఫ్‌సీఐ. మెయిన్ బోర్డులో ఉండేది ఆర్‌సీసీబీ. జీఎఫ్‌సీఐ 4 నుంచి 6 మిల్లీ ఆంపియర్ల తేడాకే ట్రిప్ అవుతుంది. ఇళ్లలో పెట్టే ఆర్‌సీసీబీ మీద సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్లు అని రాసి ఉంటుంది. కానీ అది 15 దాటిన దగ్గర్నుంచి ఎక్కడైనా పడిపోవచ్చు.

జీఎఫ్‌సీఐకి అంత తక్కువ అంకె ఊరికే పెట్టలేదు. దాన్ని 1961లో రూపొందించిన చార్లెస్ డాల్జీల్ బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్. కరెంటు తీగ పట్టుకున్న మనిషి ఎంత కరెంటు వరకు తనంతట తాను చెయ్యి వదిలించుకోగలడన్న విషయం మీద ఆయన చాలా పరీక్షలు చేశారు. సగటున మగవాళ్లకి 16, ఆడవాళ్లకి 10.5 మిల్లీ ఆంపియర్ల దగ్గర కండరాలు బిగుసుకుపోయి చెయ్యి రాదని తేలింది. సాకెట్ అంతకంటే ముందే కరెంటును తెంచేయాలి. అందుకే 5 దగ్గర గీత గీశారు.

ముందు, ట్రిప్ అయింది ఏది?

బోర్డులో పడిపోయింది ఎమ్‌సీబీ (మామూలు బ్రేకర్) అయితే ఇది వేరే కథ. అది ఓవర్‌లోడ్‌కో షార్ట్‌కో పడుతుంది. ఒకే లైను మీద ఓవెన్, కెటిల్ కలిపి వేస్తే ఎమ్‌సీబీ పడటం మామూలే, వాటిలో ఒకటి ఆపితే సరిపోతుంది. జీఎఫ్‌సీఐ సాకెట్, ఆర్‌సీసీబీ మాత్రం లోడ్ ఎంతున్నా పట్టించుకోవు. అవి పడ్డాయంటే చాలావరకు లీకేజీ ఉన్నట్టే. రెండు పనులూ ఒకే బ్రేకర్ చేసే రకాలు కూడా ఉన్నాయి. మీ బోర్డులో అలాంటిది ఉంటే ఆ లైను మీద మిగతావన్నీ ఆపేసి, అనుమానమున్న వస్తువును ఒక్కదాన్నే వేసి చూడండి. అప్పుడు కూడా పడితే ఓవర్‌లోడ్ అనే మాట పక్కన పెట్టేయొచ్చు. ఇక మిగిలేవి షార్ట్, లీకేజీ.

సాకెట్‌కి పరీక్ష పెట్టండి

వస్తువును విప్పే ముందు సాకెట్ సంగతి తేల్చుకోవాలి. ఆ సాకెట్‌కి ఉన్నవన్నీ పీకేయండి. ఒక జీఎఫ్‌సీఐ సాకెట్ తన వెనక ఉన్న మరో రెండు మూడు సాకెట్లకి కూడా కాపలా కాస్తూ ఉండొచ్చు. కాబట్టి గట్టు మీద ఉన్న సాకెట్లన్నీ ఖాళీ చేయడం మంచిది. ఫ్రిజ్ వెనకాల, సింక్ కింద ఉన్నవి మర్చిపోకండి.

అన్నీ ఖాళీ అయ్యాక రీసెట్ నొక్కండి. నిలబడితే టెస్ట్ బటన్ నొక్కండి. వెంటనే పడిపోవాలి. ఆ బటన్ లోపల ఒక చిన్న రెసిస్టర్ ద్వారా కావాలనే కొద్దిపాటి తేడా పుట్టిస్తుంది, అంటే అది నిజమైన పరీక్షే. టెస్ట్ నొక్కినా పడకపోతే ఆ సాకెట్ మిమ్మల్ని కాపాడదు, మార్చేయాలి. ఏమీ పెట్టకుండానే రీసెట్ నిలవకపోతే సాకెట్ ఆయుష్షు తీరిపోయి ఉండాలి, లేదా దానికి కరెంటే రాకపోతూ ఉండాలి, లేదా గోడలోని వైరింగులో లీకేజీ ఉండాలి. ఈ మూడింట్లో ఏదైనా ఎలక్ట్రీషియన్ పని. గోడలో వైరు వెతుక్కుంటూ మీరు కూర్చోకండి.

సాకెట్ నిలబడి, టెస్ట్‌కి సరిగ్గా పడిందంటే అది బాగున్నట్టు. ఇప్పుడు బాగున్నదని మీకు తెలిసిన ఇంకో వస్తువును పెట్టి ఒక అయిదు నిమిషాలు నడపండి. ఆ తర్వాత అనుమానమున్న వస్తువును ఇలాంటి రక్షణే ఉన్న వేరే సాకెట్‌కి పెట్టండి, అది వేరే లైను మీదదైతే ఇంకా మంచిది. రెండు చోట్లా ట్రిప్ అయితే దోషం వస్తువుదే. మధ్యలో ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడుతుంటే ముందు దాన్ని తీసేసి నేరుగా గోడకి పెట్టి చూడండి. దొంగ ఆ బోర్డే అయిన సందర్భాలు తక్కువేం కాదు.

ఏ క్షణంలో ట్రిప్ అవుతోంది?

దీనికి జవాబు దొరికితే వస్తువులో ఏ భాగాన్ని చూడాలో దాదాపు తెలిసిపోతుంది. కాబట్టి రెండు మూడు సార్లు జాగ్రత్తగా గమనించండి. అంతకు మించి రీసెట్ నొక్కుతూ పోవద్దు.

ప్లగ్ గుచ్చగానే, వస్తువు స్విచ్ ఇంకా ఆఫ్‌లో ఉండగానే పడితే లోపం స్విచ్‌కి ముందున్న భాగంలో ఉండొచ్చు: తీగ, అది లోపలికి దూరే చోటు, లేదా ఫేజ్ రాగానే తగిలే ఫిల్టర్ సర్క్యూట్ (కరెంటులోని అలజడిని వడగట్టేది). న్యూట్రల్ వైరు ఎర్త్‌కి తగిలి ఉన్నా ఇదే జరుగుతుంది. దీన్ని విడిగా గుర్తుపట్టే ఉపాయం ఒకటుంది. మీ గోడ సాకెట్‌కి స్విచ్ ఉంటే, దాన్ని ఆఫ్‌లోనే ఉంచి ప్లగ్ పెట్టండి. చాలా గోడ స్విచ్‌లు ఫేజ్‌ని మాత్రమే తెంచుతాయి, న్యూట్రల్ కలిసే ఉంటుంది. ఫేజ్ రాకపోయినా ఆర్‌సీసీబీ పడిందంటే వస్తువు లోపల ఎక్కడో న్యూట్రల్, ఎర్త్ ఒకదానికొకటి తగులుకున్నాయి. "స్విచ్ వేయకుండానే ఎలా పడుతుంది?" అని బుర్ర బద్దలు కొట్టుకునేవాళ్ల సమస్య ఎక్కువగా ఇదే.

స్విచ్ వేయగానే పడితే వేడి చేసే వస్తువుల్లో ఎలిమెంట్‌ని, తిరిగే వస్తువుల్లో మోటారుని అనుమానించండి.

కాసేపు బాగా నడిచి, వేడెక్కాక పడేది తరచుగా ఎలిమెంట్ లోపమే. ఓవెన్ లాంటివాటిలో ఎలిమెంట్ అంటే లోహపు గొట్టం, దాని మధ్యలో నిక్రోమ్ తీగ చుట్ట, ఆ రెండిటి మధ్యా గట్టిగా కూరిన మెగ్నీషియం ఆక్సైడ్ పొడి. ఆ పొడే తీగని గొట్టానికి తగలకుండా ఆపుతుంది. గొట్టం సన్నగా చిట్లితే, చల్లగా ఉన్నప్పుడు మూసుకుని ఉన్న చీలిక వేడికి తెరుచుకుంటుంది. ఆవిరి పుట్టే వస్తువుల్లో అయితే ఆ ఆవిరి స్విచ్ దగ్గరో థర్మోస్టాట్ దగ్గరో చెమటలా పట్టి కరెంటుకి దారి ఇస్తుంది.

దీనికి తిరగబడ్డ కేసు కూడా ఉంది. చాలా నెలలు వాడకుండా మూలన పెట్టిన ఓవెన్ మొదటి నిమిషంలోనే ట్రిప్ అవుతుంది. మెగ్నీషియం ఆక్సైడ్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. గొట్టం చివర్లలో సీలు కాస్త వదులైతే చాలు. అందులో విరిగిందేమీ ఉండకపోవచ్చు, ఆరబెడితే బాగుపడొచ్చు.

ఆపేటప్పుడు, లేదా థర్మోస్టాట్ టిక్‌మన్నప్పుడు మాత్రమే ఒక్కోసారి పడుతుంటే, ఆ కాంటాక్టు దగ్గర పుట్టే నిప్పురవ్వ, మోటారు ఆగేటప్పుడు వచ్చే వోల్టేజీ కుదుపు కారణం కావచ్చు. దీనివల్ల లీకేజీ లేకుండానే ట్రిప్ అయ్యే అవకాశముంది. అయినా కొలిచి చూడకుండా దాన్ని కారణంగా ఒప్పుకోకండి. "ఊరికే ట్రిప్ అవుతుంది" అన్న మాట ముందుగా వచ్చేసిందంటే ఇక అసలు వెతకడమే మానేస్తాం.

ఎవరూ ముట్టుకోకుండానే, కొన్ని గంటలకోసారి పడేది ఫ్రిజ్. మంచు కరిగించే డీఫ్రాస్ట్ హీటర్ అలా విడతలుగానే వస్తుంది. ట్రిప్ అయిన వేళలు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. వాటి మధ్య ఎడం ఇంచుమించు సమానంగా ఉంటే ఆ హీటర్నే ముందు చూపించండి.

ఇంకొక రకం ఉంది. ఏ వస్తువూ విడిగా పెడితే పడదు, అన్నీ కలిస్తే పడుతుంది. ఫిల్టర్ ఉన్న ప్రతి ఎలక్ట్రానిక్ వస్తువూ, బాగున్నప్పుడు కూడా ఎర్త్‌లోకి కొద్దిగా కరెంటు వదులుతుంది. అది లోపం కాదు, నిబంధనలు ఒప్పుకున్నదే. ఎర్త్ పిన్ ఉండి చేత్తో మోసుకెళ్లే రకం వస్తువులకి అంతర్జాతీయ ప్రమాణం 0.75 మిల్లీ ఆంపియర్ల వరకు ఒప్పుకుంటుంది. ఇల్లంతటికీ ఒకే ఆర్‌సీసీబీ ఉంటే ఈ చిన్న చిన్న లీకేజీలన్నీ కూడి 15కి దగ్గరవుతాయి. అప్పుడు చివర్లో పెట్టిన వస్తువు మీద నింద పడుతుంది. లైన్లను విడదీసి వేర్వేరు ఆర్‌సీసీబీల మీద వేయించడమే దీనికి మందు.

ప్లగ్ పీకి, కంటితో చూడండి

స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ చేతిలోకి రావాలి. వస్తువు పూర్తిగా చల్లారాక మొదలుపెట్టండి.

తీగని ఒక చివర నుంచి వేళ్ల మధ్య వంచుతూ రండి. ప్లగ్ మెడ దగ్గర, వస్తువులోకి దూరే చోట ఎక్కువగా నలిగి ఉంటుంది. కెటిల్ అయితే కింది బేస్ మధ్యలో ఉన్న కనెక్టర్‌లోకి చూడండి. నీళ్లు ఒలికినప్పుడు ఒక చుక్క అక్కడ చేరిందంటే అంతే. తెల్లటి పొరగానీ నల్లటి మచ్చగానీ ఉన్నా అది దారే. మిక్సీ అయితే జార్ కూర్చునే చోట కప్లర్ చుట్టూ తడి ఉందేమో చూడండి. కప్లర్ కింద సీలు అరిగితే కారిన నీళ్లు నేరుగా మోటారులోకి దిగుతాయి. పాత మిక్సీల్లో కార్బన్ బ్రష్‌లు అరిగి రాలిన నల్లటి పొడి మోటారు లోపలంతా పేరుకుంటుంది. కార్బన్ కరెంటును పోనిస్తుంది, తడి తోడైతే ఇక చెప్పక్కర్లేదు. టోస్టర్‌లో కింది ట్రే లాగి, తలకిందులు చేసి దులపండి. లోపలి తీగల్లో ఏదైనా వంగి బాడీకి తగులుతోందేమో టార్చి వేసి చూడండి.

తడి అనుమానమైతే ఆరబెట్టడమే మొదటి చికిత్స. గాలి తగిలే వెచ్చని చోట ఒక రోజు, పెద్ద వస్తువైతే రెండు మూడు రోజులు వదిలేయండి. హెయిర్ డ్రయ్యర్ అతి వేడిలో పెట్టి ప్లాస్టిక్ కరిగించుకోవద్దు.

మల్టీమీటర్‌తో కొలవడం

మీటర్‌ని ఓమ్‌ల మీద, ఉన్నవాటిలో అతి పెద్ద రేంజ్‌కి తిప్పండి. రెండు ప్రోబ్‌లనీ ఒకదానికొకటి తాకించండి, దాదాపు సున్నా చూపాలి. విడదీస్తే ఓఎల్ అనో, ఎడమ చివర ఒంటరిగా 1 అనో చూపాలి, అంటే మధ్యలో కరెంటుకి దారి లేదని. ఇది చేయకుండా మొదలుపెడితే తెగిపోయిన ప్రోబ్‌తో కొలిచి "అంతా బాగుంది" అనుకునే ప్రమాదం ఉంది.

ఇప్పుడు ప్లగ్ పీకేసి ఉన్న వస్తువు స్విచ్‌ని ఆన్ చేయండి. ఆఫ్‌లో ఉంచి కొలిస్తే స్విచ్ అవతల ఉన్నది మీటర్‌కి కనిపించకపోవచ్చు. ఒక ప్రోబ్ ప్లగ్ ఎర్త్ పిన్ మీద, రెండోది ఫేజ్ పిన్ మీద. తర్వాత ఎర్త్, న్యూట్రల్ మధ్య. ప్రోబ్ మొనల్ని వేళ్లతో పిన్నుకి అదిమి పట్టుకోకండి. రెండు చేతులూ లోహానికి తగిలితే మీటర్ మీ ఒంటి రెసిస్టెన్స్‌నే కొలిచి చూపిస్తుంది. లేని లీకేజీ ఉన్నట్టు కనిపిస్తుంది. ప్లాస్టిక్ పట్టు దగ్గరే పట్టుకోండి.

ఓఎల్ అని వస్తే మంచిదే. ఒక మెగా ఓమ్ కంటే తక్కువ వస్తే అనుమానించండి. కిలో ఓమ్‌లలో వస్తే లోపం దొరికినట్టే. లెక్క సులువు, వోల్టేజీని రెసిస్టెన్స్‌తో భాగించడమే. 120 వోల్టుల దగ్గర 24 కిలో ఓమ్‌లంటే 5 మిల్లీ ఆంపియర్లు, జీఎఫ్‌సీఐ పడుతుంది. 230 వోల్టులకి 30 మిల్లీ ఆంపియర్లు పోవాలంటే రెసిస్టెన్స్ ఇంచుమించు 7.7 కిలో ఓమ్‌లకి దిగాలి. అంటే 230 వోల్టుల లైను మీద 20 కిలో ఓమ్‌ల లోపమున్న వస్తువు 11 మిల్లీ ఆంపియర్లకి పైగా లీక్ చేస్తూ కూడా ఆర్‌సీసీబీని పడేయకపోవచ్చు. డాల్జీల్ అంకెలతో పోల్చి చూడండి, ఆడవాళ్లకి సగటున చెయ్యి రాని స్థాయిని దాటింది అది. ట్రిప్ కాలేదు కదా అని ధీమాగా ఉండటానికి లేదు.

ఎర్త్ పిన్‌కీ వస్తువు మీద రంగు లేని లోహానికీ మధ్య కూడా కొలవండి. ఇక్కడ ఓమ్ లోపే రావాలి. ఓఎల్ వస్తే తీగలో ఎర్త్ తెగిపోయింది. ఈ స్థితిలో లీకేజీ మొదలైతే బాడీకి కరెంటు వచ్చి, మీరు ముట్టుకునే దాకా అలాగే ఉంటుంది.

రెండు పిన్నుల వస్తువుకి ఎర్త్ ఉండదు. దాన్ని ఫేజ్, న్యూట్రల్ పిన్నులకీ బయటి లోహానికీ మధ్య కొలవాలి. అలాంటి వస్తువు గట్టు మీద సాకెట్‌ని ట్రిప్ చేసిందంటే తేలిగ్గా తీసుకోవద్దు. ఎర్త్ వైరే లేనప్పుడు కరెంటు తడి మీదుగానో, సింక్ మీదుగానో, మనిషి మీదుగానో పోయి ఉండాలి.

మీటర్ అన్నీ బాగున్నాయని చెప్పినా వస్తువు ట్రిప్ చేస్తూనే ఉందా? దానికి కారణాలున్నాయి. మల్టీమీటర్ కొన్ని వోల్టులతోనే కొలుస్తుంది, లైన్ వోల్టేజీలో తెగే బలహీనమైన ఇన్సులేషన్ దానికి దొరకదు. వేడికే బయటపడే లోపమైతే, ట్రిప్ అయిన మరుక్షణం ప్లగ్ పీకి, చల్లారేలోపు కొలవండి. రిలేతో నడిచే ఎలక్ట్రానిక్ వస్తువుల్లో కరెంటు లేనప్పుడు రిలే తెరుచుకుని ఉంటుంది, ప్లగ్ దగ్గర కొలిస్తే ఎలిమెంట్ దాకా చేరరు. ఫిల్టర్ కెపాసిటర్ల లీకేజీ కూడా ఓమ్‌ల మీద కనిపించదు. ఇక్కడ కావాల్సింది 500 వోల్టులతో పరీక్షించే మెగ్గర్. రిపేర్ షాపు వాళ్లని అదే అడగండి.

విప్పాల్సి వస్తే

ముందొక మాట. మైక్రోవేవ్ ఓవెన్ విప్పకండి. ప్లగ్ పీకిన తర్వాత కూడా దాని కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత చార్జి మిగిలి ఉండొచ్చు. అది తెలిసినవాళ్ల పని, అంతే.

ఓవెన్ లాంటివైతే ఎలిమెంట్‌కి వచ్చే రెండు వైర్లనీ ఫొటో తీసుకుని ఊడదీయండి. ఎలిమెంట్ ఒక్కో చివరకీ దాని గొట్టానికీ మధ్య కొలవండి. ఓఎల్ రాకపోతే, ఆరబెట్టినా అంతే అయితే, ఎలిమెంట్ పోయింది. గొట్టం మీద బుడగలా ఉబ్బిన చోటు, సన్నటి పగులు తరచుగా కంటికే కనిపిస్తాయి. రెండు చివరల మధ్య రావలసిన రెసిస్టెన్స్ వోల్టేజీ వర్గాన్ని వాట్లతో భాగిస్తే తెలుస్తుంది: 1500 వాట్ల ఎలిమెంట్‌కి 230 వోల్టుల దగ్గర సుమారు 35 ఓమ్‌లు, 120 వోల్టుల దగ్గర 9.6. ఈ అంకె సరిపోయినంత మాత్రాన ఎలిమెంట్ బాగున్నట్టు కాదు. నీళ్లు కాచగలిగే ఎలిమెంటే లీక్ కూడా చేస్తుంది.

ఎలిమెంట్ బాగుంటే ఆ వైర్లను అలా ఊడదీసే ఉంచి ముందుకెళ్లండి. ప్లగ్ దగ్గర మళ్లీ కొలిచి, తీగ, థర్మోస్టాట్, టైమర్, లోపలి దీపం ఒక్కొక్కటే విడదీస్తూ ఏది తీసినప్పుడు రీడింగ్ ఓఎల్‌కి ఎగిరిందో చూడండి. దొరికింది అదే.

ఇక చేయకూడనిది ఒకటే గట్టిగా చెప్తాను. ఎర్త్ పిన్ విరగ్గొట్టడం, ఎర్త్ లేని అడాప్టర్ పెట్టడం. పెట్టగానే ట్రిప్ అవడం ఆగిపోతుంది, అందుకే జనానికి అది రిపేరులా కనిపిస్తుంది. నిజానికి లీకేజీ కరెంటుకి ఉన్న దారి మూసేశారు, వస్తువు బాడీ ఇప్పుడు తర్వాతి దారి కోసం చూస్తోంది.

బాగుచేశాక

భాగం మార్చాక మూత బిగించి, ప్లగ్ దగ్గర మళ్లీ ఎర్త్ కొలతలన్నీ తీయండి. మూత బిగించేటప్పుడు స్క్రూ కింద వైరు నలగడం సర్వసాధారణం. తర్వాత ముందు ట్రిప్ అయిన సాకెట్‌కే పెట్టండి. రక్షణ లేని సాకెట్‌కి పెడితే పరీక్ష జరిగినట్టు కాదు. ముందెప్పుడు పడేదో ఆ క్షణం దాటే దాకా నడపండి: వేడెక్కాక పడే ఓవెన్ అయితే పూర్తి వేడిలో అరగంట, ఫ్రిజ్ అయితే రెండు డీఫ్రాస్ట్ విడతలు. ఆ తర్వాత ఒకసారి సాకెట్ టెస్ట్ బటన్ నొక్కి, రీసెట్ చేసి వాడుకోండి.